12 × 16 అడుగుల హాలుకు ఎన్ని వాట్ల యాంప్లిఫైయర్ సరిపోతుంది?

కొర్లగుంట శ్రోత (తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లోని స్టీరియో యాంప్లిఫైయర్ చాలా పాతది. అది ఛానల్‌కు 20 వాట్ల సెట్టు. ఇప్పుడు ఒక ఛానల్‌లో హమ్ వస్తోంది, వాల్యూమ్ తిప్పినప్పుడల్లా కరకరమంటోంది. అందుచేత కొత్తది కొనాలని నిర్ణయించుకున్నాను గానీ ఎన్ని వాట్లది కొనాలన్న దగ్గరే తేలడం లేదు. తిలక్ రోడ్డులో ఒక దుకాణంలో విచారిస్తే ఛానల్‌కు కనీసం 100 వాట్లు ఉండాలని, అంతకు తక్కువైతే డబ్బు దండగని అన్నారు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో తరచూ ఎలక్ట్రానిక్ సామాను కొనే మా బంధువు మాత్రం 30 వాట్లు ధారాళంగా చాలునని చెబుతున్నాడు. ఇద్దరి మాటకూ మూడింతల తేడా ఉంది. కారణం మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

మా హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉంటుంది. పైన కాంక్రీటు స్లాబు, కింద టైల్స్. సోఫా నుంచి స్పీకర్లకు సుమారు 10 అడుగుల దూరం. స్పీకర్లు కొత్తవే, బుక్‌షెల్ఫ్ రకం. వాటి వెనుక 6 ఓమ్‌లు అని, సెన్సిటివిటీ (ఇచ్చిన వోల్టేజికి ఎంత ధ్వని వస్తుందన్న కొలత) 2.83 వోల్టుల వద్ద 1 మీటరు దూరంలో 86 డెసిబెల్స్ అని, 20 నుంచి 120 వాట్ల యాంప్లిఫైయర్ వాడవచ్చని రాసి ఉంది. ఉదయం పూట అన్నమయ్య సంకీర్తనలు, సాయంత్రం కచేరీ రికార్డింగులు వింటాను. సెలవు రోజుల్లో పిల్లలు టీవీని దీనికే కలిపి సినిమాలు చూస్తారు. సంగీతానికి ఏ లోటూ కనిపించలేదు గానీ సినిమాల్లో పెద్ద శబ్దాలు వచ్చే చోట ధ్వని బిరుసెక్కి చెవికి గుచ్చుకుంటోంది. పిల్లలు బేస్ నాబ్‌ను దాదాపు చివరిదాకా తిప్పి ఉంచుతారన్న సంగతి కూడా చెప్పాలి. 30, 100 అన్న సంఖ్యల్లో ఏది సరైనదన్న తీర్పు కన్నా, ఆ సంఖ్య ఎలా వస్తుందో ఎవరైనా వివరిస్తే నాకు ఎక్కువ మేలు.


మంద్రస్థాయి (బైరాగిపట్టెడ, తిరుపతి)

శ్రోత గారూ, కావలసిన కొలతలన్నీ మీరే ఇచ్చారు కాబట్టి లెక్క వేయడం కష్టం కాదు. ముందుగా వాట్ల సంగతి పక్కన పెట్టి, సోఫాలో కూర్చున్న మీ చెవికి ఎంత ధ్వని అందాలో తేల్చుకొని, అక్కడి నుంచి యాంప్లిఫైయర్ దాకా వెనక్కి రావాలి.

స్పీకర్ మీది 86 డెసిబెల్స్ అనేది 2.83 వోల్టులకు వచ్చిన సంఖ్య. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే సరిగ్గా 1 వాట్. మీది 6 ఓమ్‌లు కాబట్టి అదే వోల్టేజికి 1.33 వాట్లు తీసుకుంటుంది. ఒక్క వాట్‌కు దిగి చూస్తే 85 డెసిబెల్స్ దగ్గర నిలుస్తుంది. ఇక 10 అడుగులంటే సుమారు 3 మీటర్లు. ఆరుబయట అయితే దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి 3 మీటర్ల దగ్గర తొమ్మిదిన్నర తగ్గాలి. ఇంట్లో గోడల నుంచి, స్లాబు నుంచి తిరిగొచ్చే ధ్వని కూడా చెవికి చేరుతుంది కనుక అందులో సుమారు 3 డెసిబెల్స్ వెనక్కి వస్తాయి. రెండు స్పీకర్లు కలిసి మోగుతాయి కాబట్టి ఇంకో 3 కలుస్తాయి. ఇవన్నీ కూడి తీసివేస్తే, ఒక్కో స్పీకర్‌కు ఒక్కో వాట్ ఇచ్చినప్పుడు మీ సోఫా దగ్గర 81 లేదా 82 డెసిబెల్స్ ఉంటుంది.

ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్. 82 దగ్గర పాట మోగుతుంటే పక్కవారితో గొంతు పెంచి మాట్లాడాలి. ఇంట్లో శ్రద్ధగా కచేరీ వినేవారు సగటున 70 నుంచి 75 మధ్య ఉంచుకుంటారు. మీరు 72 దగ్గర ఉంచారనుకుంటే, ఆ సమయంలో మీ యాంప్లిఫైయర్ ఇస్తున్నది ఒక వాట్‌లో పదో వంతు.

మరి ఇన్ని వాట్లు ఎందుకంటారా, సంగీతం సగటు దగ్గర నిలిచి ఉండదు. తంబుర శ్రుతి మీద గాత్రం సాగినంతసేపు పెద్ద తేడా రాదు. తనియావర్తనంలో మృదంగం కుడి మూత మీద పడే దెబ్బ మాత్రం కొన్ని మిల్లీసెకన్ల పాటే ఉండి సగటు కన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. 10 డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్లు, 20 పెరగాలంటే నూరు రెట్లు శక్తి కావాలి. 72 సగటుకు 18 కలిపితే 90 డెసిబెల్స్, దానికి 7 వాట్లు. అదే మీరు ఉత్సాహంగా 80 సగటున వింటే ఆ దెబ్బలు 98 నుంచి 100 దాకా పోతాయి, అప్పుడు 45 నుంచి 70 వాట్లు అవసరమవుతాయి. ఆ కాసింత సమయంలో యాంప్లిఫైయర్ అందించలేకపోతే దెబ్బ అంచు మొద్దుబారుతుంది, మృదంగం మృదంగంలా వినిపించదు. నా మటుకు నాకు వాట్లు కావలసింది ఇందుకే.

సినిమా సంగతి వేరు. థియేటర్ల కొలమానంలో ఒక్కో ప్రధాన ఛానల్ గరిష్ఠంగా 105 డెసిబెల్స్ చేరాలి. మీ స్పీకర్ ఒక్కటే 3 మీటర్ల దూరంలో అంత మోగాలంటే 400 వాట్లు దాటుతుంది, అంతకుముందే స్పీకర్ కాలిపోతుంది. ఇళ్లలో చాలామంది అంతకన్నా 10 నుంచి 15 డెసిబెల్స్ తగ్గించే చూస్తారు. 12 తగ్గిస్తే 28 వాట్ల దగ్గరికి దిగుతుంది.

కాబట్టి 6 ఓమ్‌ల వద్ద, రెండు ఛానళ్లూ ఒకేసారి పనిచేస్తుండగా, నిజంగా 50 నుంచి 60 వాట్లు ఇచ్చేది మీకు సరైనదని నా అభిప్రాయం. 60కీ 100కీ మధ్య తేడా 2 డెసిబెల్స్ మాత్రమే, శ్రద్ధగా వింటే తప్ప తెలియదు. ధ్వని రెండింతలైనట్టు చెవికి అనిపించాలంటే శక్తి పదింతలు కావాలి. ఆ డబ్బు చేతిలో ఉంటే, ఎప్పుడైనా స్పీకర్లు మార్చేటప్పుడు 89 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్నవి తీసుకోండి. 3 డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ ఉంటే సగం వాట్లతో అదే ధ్వని వస్తుంది.


సర్వీస్ బెంచ్ (చిత్తూరు)

పై లెక్కలో నాకు తేడా కనిపించలేదు. నేను యాంప్లిఫైయర్లు, స్పీకర్లు బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి బేస్ నాబ్ గురించి విడిగా రాయవలసి ఉంది, ఎందుకంటే మీరు చెప్పిన బిరుసుదనం అక్కడి నుంచే మొదలవుతోందని నా అనుమానం. టోన్ కంట్రోల్‌ను చివరిదాకా తిప్పితే సాధారణంగా 100 హెర్ట్జ్‌ దగ్గర 10 డెసిబెల్స్ వరకు పెరుగుతుంది. అంటే ఆ స్వరాలకు పది రెట్లు శక్తి అడుగుతున్నట్టు. సినిమాలో 20 వాట్లతో సరిపోయే పేలుడు శబ్దానికి 200 కావలసి వస్తుంది. ఆ స్థితిలో మీ పాత సెట్టు ఇవ్వగలిగినంత ఇచ్చి, తరంగం పై భాగాన్ని కోసినట్టు చదునుగా చేసి వదిలేస్తుంది. క్లిప్పింగ్ అనేది దీన్నే. తరంగం అంచు అలా తెగినప్పుడు మూలంలో లేని పైస్థాయి స్వరాలు పుట్టుకొస్తాయి, అవి స్పీకర్‌లో పైస్థాయి స్వరాలు పలికే చిన్న భాగమైన ట్వీటర్‌లోకి పోతాయి. మీకు చెవికి గుచ్చుకుంటున్నది అదే అయి ఉండాలి.

నా దగ్గరికి వచ్చే కాలిన ట్వీటర్లలో ఎక్కువ భాగం పెద్ద యాంప్లిఫైయర్ వల్ల పోయినవి కావు, చిన్న యాంప్లిఫైయర్‌ను చివరిదాకా తిప్పడం వల్ల పోయినవి. డోము విప్పి చూస్తే వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్టు మీద వార్నిష్ నల్లబడి, మాడు వాసన కొడుతూ, రెండు మూడు చుట్లు విడిపోయి అయస్కాంతం సందులో రాసుకుంటూ కనిపిస్తుంది. స్పీకర్ 100 వాట్లది, యాంప్లిఫైయర్ 30 వాట్లదే కదా, ఎలా కాలిందని యజమానులు అడుగుతారు. 30 వాట్ల యాంప్లిఫైయర్ తరంగం పూర్తిగా చదునైతే దాదాపు 60 వాట్లు ఇస్తుంది, ఆ అదనంలో ట్వీటర్ వంతు మామూలు సంగీతంలో కన్నా చాలా ఎక్కువ. 100 వాట్లనేది స్పీకర్ మొత్తానికి రాసిన సంఖ్య, ట్వీటర్ ఒంటరిగా అందులో కొద్దిపాటి భాగమే తట్టుకోగలదు.

అట్టపెట్టె మీద రాసిన వాట్లను నమ్మి కొనవద్దు. పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అని ఉన్న సంఖ్యకు ఏ ప్రామాణిక కొలతా లేదు, దాన్ని చదవకుండా వదిలేయండి. అమెరికాలో ఇలాంటి ప్రకటనలు హద్దు మీరినందువల్లే 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇంట్లో వాడే యాంప్లిఫైయర్ల శక్తిని ఏ ఓమ్‌ల వద్ద, ఏ ఫ్రీక్వెన్సీల మధ్య, ఎంత డిస్టార్షన్‌తో (ధ్వని వికృతితో) కొలిచారో చెప్పాలని నిబంధన పెట్టింది. మీరూ ఆ మూడూ అడగండి. 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, 8 ఓమ్‌ల వద్ద, 0.1 శాతం లోపు డిస్టార్షన్‌తో, రెండు ఛానళ్లూ పనిచేస్తుండగా 50 వాట్లు అని రాసి ఉంటే అది నికరమైన 50. 6 ఓమ్‌ల వద్ద, 1,000 హెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో, ఒక్క ఛానల్‌కు 100 వాట్లు అని ఉంటే అది చేతిలోకి వచ్చేసరికి చాలా తగ్గుతుంది.

మీ అవసరం ఎంతో ఇంట్లోనే కొలిచే పద్ధతి ఒకటి ఉంది. టోన్ నాబ్‌లు రెండూ మధ్యలో ఉంచి, మీరు ఎప్పుడైనా వినబోయే అత్యధిక స్థాయిలో సినిమా పెట్టి, వాల్యూమ్‌ను అక్కడే వదిలేయండి. యాంప్లిఫైయర్ ఆపి స్పీకర్ వైర్లు తీసేయండి. మళ్లీ ఆన్ చేసి, 120 హెర్ట్జ్ టెస్ట్ టోన్‌ను మైనస్ 12 డెసిబెల్స్ స్థాయిలో నమోదైన ఫైలు నుంచి మోగించి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి చూడండి. ఆ 12 డెసిబెల్స్ తేడా వోల్టేజిలో నాలుగింతలు కాబట్టి వచ్చిన సంఖ్యను నాలుగుతో గుణించి, ఆ ఫలితాన్ని దానితోనే గుణించి, 6 ఓమ్‌లతో భాగిస్తే మీ గరిష్ఠ అవసరం వాట్లలో వస్తుంది. వాల్వులతో పనిచేసే యాంప్లిఫైయర్‌ను మాత్రం స్పీకర్లు లేకుండా ఆన్ చేయకూడదు, దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. మీది ట్రాన్సిస్టర్ సెట్టయితే ఫరవాలేదు.


కొర్లగుంట శ్రోత (తిరుపతి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాది ట్రాన్సిస్టర్ సెట్టే. చెప్పినట్టే మల్టీమీటర్‌తో చూశాను. కచేరీ వినే స్థాయిలో 1.6 వోల్టులు చూపింది. నాలుగుతో గుణిస్తే 6.4, లెక్క కడితే దాదాపు 7 వాట్లు. పిల్లలు సినిమా చూసే స్థాయిలో 3.2 వోల్టులు, అంటే 27 వాట్లు. మంద్రస్థాయి గారు కాగితం మీద వేసిన లెక్కకూ మీటరు చూపినదానికీ ఇంత దగ్గరగా పొంతన కుదరడం చూసి ఆశ్చర్యపోయాను. 20 వాట్ల సెట్టు 27 అడిగితే బిరుసెక్కడం సహజమేనని, బేస్ నాబ్ దానికి తోడైతే ఇక చెప్పనక్కరలేదని ఇప్పుడు అర్థమైంది. బేస్ నాబ్ మధ్యలోకి తెచ్చి అదే సినిమా పెడితే గుచ్చుకోవడం చాలావరకు తగ్గింది కానీ, బేస్ పలచబడిందని పిల్లలు ఒప్పుకోవడం లేదు.


గ్రీమ్స్‌పేట వాసి (చిత్తూరు)

లెక్క సరిగానే ఉంది గానీ ముగింపుతో నేను విభేదిస్తాను. స్పీకర్ వెనుక 6 ఓమ్‌లు అని రాసినంత మాత్రాన అన్ని ఫ్రీక్వెన్సీల వద్ద అంతే ఉండదు. కొన్నిచోట్ల 20 ఓమ్‌లకు పెరుగుతుంది, మరికొన్నిచోట్ల 4 ఓమ్‌లకు, ఒక్కోసారి ఇంకా కిందికి జారుతుంది. అక్కడ కావలసింది వోల్టేజి కాదు, కరెంటు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్, చిన్న హీట్‌సింక్ ఉన్న యాంప్లిఫైయర్ అక్కడే తడబడుతుంది. రెండోది, మన ప్రాంతంలో ఎండాకాలం సాయంత్రాల్లో 230 వోల్టులకు బదులు 200 వచ్చే ఇళ్లు ఉన్నాయి. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫైయర్ శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి నాలుగో వంతు పోతుంది, 60 వాట్లది 45 అవుతుంది. మూడోది, ఒకే శ్రేణిలో 60 వాట్ల మోడల్‌కూ 100 వాట్ల మోడల్‌కూ ధరలో పెద్ద తేడా లేని సందర్భాలు చాలా ఉంటాయి. అదనంగా ఉన్న శక్తి ఎవరినీ బాధించదు. అందుచేత 100 వాట్లని చెప్పిన దుకాణదారుడు కారణం చెప్పకపోయినా, సలహా మరీ తప్పు కాదని నా ఉద్దేశం.


మంద్రస్థాయి (బైరాగిపట్టెడ, తిరుపతి)

ఓమ్‌ల విషయంలో గ్రీమ్స్‌పేట వాసి గారు చెప్పింది ముఖ్యమైన మాట, నేను విస్తరించి రాయవలసింది. కొనే యాంప్లిఫైయర్‌కు 4 ఓమ్‌ల రేటింగు కూడా కంపెనీ కాగితంలో ఉందో లేదో చూడండి. 8 ఓమ్‌లకు 50, 4 ఓమ్‌లకు 80 లేదా 90 అని రాసి ఉంటే దాని విద్యుత్ సరఫరా గట్టిదని అర్థం. 4 ఓమ్‌ల సంఖ్యే ఇవ్వనిదాన్ని, 8 ఓమ్‌ల దగ్గర 100 వాట్లు రాసి ఉన్నా, నేను కొనను. వోల్టేజి తగ్గుదల వల్ల పోయేది డెసిబెల్స్‌లో చూస్తే 1.2 మాత్రమే కాబట్టి దాని కోసం పెద్దది కొనవలసిన పని లేదు. ధర సమానమైతే 100 తీసుకోవడానికి నాకూ అభ్యంతరం లేదు. ధర సమానం కాని చోట మాత్రం నా మాట మీదే ఉంటాను.

శ్రోత గారూ, పిల్లల బేస్ కోసం వాట్లు ఖర్చు చేయనక్కరలేని దారి ఉంది. స్పీకర్లను గోడకు దగ్గరగా జరపండి. గోడ ఆనుకున్నకొద్దీ కింది స్వరాలు కొన్ని డెసిబెల్స్ బలపడతాయి. మరీ మూలకు నెడితే గుయ్యిమనే మోత వస్తుంది కనుక జానెడు జానెడుగా జరుపుతూ విని చూడండి. దాంతో తృప్తి చెందకపోతే సొంత యాంప్లిఫైయర్ ఉన్న సబ్‌వూఫర్ (కింది స్వరాలకే ప్రత్యేకమైన స్పీకర్) ఒకటి కలిపి, కొత్త సెట్టులో వీలుంటే 80 హెర్ట్జ్ కిందివన్నీ దానికే పంపండి. అప్పుడు మీ చిన్న స్పీకర్ల మీద, వాటిని నడిపే యాంప్లిఫైయర్ మీద భారం ఒక్కసారిగా తగ్గిపోతుంది.

హాలు గురించి కూడా కాస్త చెప్పాలి. టైల్స్, స్లాబు, సున్నపు గోడలు ధ్వనిని మింగవు. సాహిత్యం స్పష్టంగా అందక మనం వాల్యూమ్ పెంచుతాం, పెంచితే మోత పెరుగుతుంది తప్ప మాట విడిపడదు. స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరిచి, కిటికీలకు దళసరి తెరలు వేసి వినండి. సంకీర్తనలో పల్లవి మాటలు ముందుకన్నా తక్కువ వాల్యూమ్‌లోనే విడివిడిగా వినిపిస్తాయి. మన తిరుపతి వేసవిలో ఫ్యాను ఆపి వినడం సాధ్యం కాదు, ఆ ఫ్యాను హోరు కింద తంబుర మునిగిపోతుంది, దాన్ని తేల్చడానికి మళ్లీ వాల్యూమ్ పెంచుతాం. ఫ్యాను ఒక్క మెట్టు తగ్గించినా యాంప్లిఫైయర్‌కు అంత మేర ఊరట.


కొర్లగుంట శ్రోత (తిరుపతి)

జంపఖానా పరిచి విన్నాను, తేడా స్పష్టంగా ఉంది. యాంప్లిఫైయర్ విషయంలో చివరిగా ఒక్క సందేహం. మా బంధువు రిచీ స్ట్రీట్ నుంచి అరచేతిలో పట్టే క్లాస్ డీ (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే) యాంప్లిఫైయర్ ఒకటి తెచ్చి చూపించాడు. పెట్టె మీద ఛానల్‌కు 100 వాట్లని రాసి ఉంది. ధర చాలా తక్కువ. దానితో వచ్చిన అడాప్టర్ మీద 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని ఉంది. ఇది నిజంగా 100 వాట్లు ఇస్తుందా?


సర్వీస్ బెంచ్ (చిత్తూరు)

ఇవ్వదు. అడాప్టర్ మీదున్న రెండు సంఖ్యలను గుణించండి, 65 వాట్లు వస్తుంది. లోపలికి 65 పోతే రెండు ఛానళ్ల నుంచి కలిపి ఎడతెగకుండా 200 బయటికి రావడానికి వీల్లేదు. వోల్టేజి వైపు నుంచి చూసినా అంతే. ఈ రకం యాంప్లిఫైయర్లలో స్పీకర్‌కు అందే తరంగం ఎత్తు అడాప్టర్ వోల్టేజిని దాటలేదు. 19ని 19తో గుణించి, 6 ఓమ్‌లకు రెట్టింపైన 12తో భాగిస్తే 30. ఏ నష్టమూ లేదనుకున్నా ఛానల్‌కు 30 వాట్లే, నిజంలో 25 దగ్గర ఉంటుంది. మీ కచేరీలకు అది ధారాళంగా చాలు. మీ బంధువు 30 అన్నది ఆ మేరకు నిజమే. సినిమాకు మీరు కొలిచిన 27 దాని అంచు మీద కూర్చుంటుంది, పిల్లలు బేస్ నాబ్ ముట్టుకుంటే మళ్లీ క్లిప్పింగే.

ఆ రకమే కావాలనుకుంటే, 32 వోల్టులు తట్టుకోగల మోడల్‌ను, 32 వోల్టులు 5 ఆంపియర్ల అడాప్టర్‌తో తీసుకోండి. ఇదే లెక్క ప్రకారం దాని హద్దు 6 ఓమ్‌ల వద్ద 85 వాట్లు, నష్టాలు పోగా 65 నుంచి 70 నికరంగా మిగులుతుంది. ఇప్పుడున్న చిన్నదానికి 32 వోల్టుల అడాప్టర్ మాత్రం తగిలించవద్దు. లోపలి ఐసీ గరిష్ఠ వోల్టేజి ఎంతో దాని కాగితంలో ఉంటుంది, అది దాటితే వెంటనే పోతుంది. ఇలాంటి అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల మధ్య ఎంత వచ్చినా ఒకేలా పనిచేస్తాయి కాబట్టి గ్రీమ్స్‌పేట వాసి గారు చెప్పిన లో వోల్టేజి బాధ కూడా ఉండదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సంప్రదాయ సెట్టే కావాలంటే 8 ఓమ్‌లకు 50, 4 ఓమ్‌లకు 80 ఉన్నది చూసుకోండి. రెండింటిలో ఏది కొన్నా, బిగించిన రోజే మల్టీమీటర్‌తో అదే పరీక్ష మళ్లీ చేసి, 3.2 వోల్టులు వచ్చే చోట వాల్యూమ్ నాబ్ పక్కన చిన్న గుర్తు పెట్టండి. పిల్లలకు ఆ గుర్తు దాటవద్దని చెబితే సరిపోతుంది.